పాట, బాట, మాట

అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా, ఈ మూడు మాటలూ పలికి చూడండి: పాట, బాట, మాట. మూడింటికీ పెదవులు ఒక్కలాగే కలుసుకుంటాయి, ఒక్కలాగే విడిపోతాయి. ముప్ఫై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు అని నల్లబల్ల మీద ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఆ అయిదూ కంటికి ఒకటేనన్న సంగతి మాత్రం నా చెవులు మొరాయించాకే తెలిసింది.

వినికిడి తగ్గడమంటే రేడియో గొంతు తగ్గించినట్టుంటుందని చాలామంది అనుకుంటారు. నాకలా జరగలేదు. ముందు స, శ, షలు పోయాయి. తర్వాత త, క, ప. నాలాంటి చెవుల్లో సన్నటి, పైస్థాయి శబ్దాలు ముందు రాలిపోతాయి, అచ్చులు చాలాకాలం మిగిలి ఉంటాయి. అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. వెన్నెముక తీసేసిన చేపలా వాక్యం చేతిలో జారిపోతుంది. మనం "ఏమిటీ?" అంటాం. అవతలివాళ్లు గట్టిగా అరుస్తారు. అరిస్తే పెద్దవయ్యేవి అచ్చులే, హల్లులు ఎక్కడివక్కడే. పైగా దెబ్బతిన్న చెవికి గట్టి చప్పుడు తొందరగానే నొప్పిగా మారుతుంది. "అరవకండి, వినపడుతోంది. అర్థం కావట్లేదు." ఈ మాట మా ఇంట్లో రోజూ దీపం పెట్టినంత క్రమంగా వినిపించేది.

వినికిడి పరీక్ష చేసిన అమ్మాయి ఇచ్చిన కాగితంలో గీత ఎడమ నుంచి కుడికి జారుడుబల్లలా దిగింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం లెక్క ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టముంటే వినికిడి మందగించినవాళ్లు, 70 వస్తే బధిరులు. నేను ఆ గడప మీద ఉన్నాను. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకున్నాను, ఇప్పటికీ పెట్టుకుంటాను. వాటిని తిట్టను. అవి లేకపోతే వెనక నుంచి వచ్చే ఆటో హారన్ నాకు లేదు. కానీ మిషన్ శబ్దాన్ని పెంచుతుంది, లోపల అరిగిపోయిన దాన్ని తిరిగి తేలేదు. పెళ్లింటి గోలలో అది పక్కవాడి మాటనూ, వెనక గిన్నెల చప్పుడునూ కలిపి పెంచుతుంది.

ఇక మిగిలింది పెదవులు చదవడం. ఇక్కడ నా పాత పాఠాలే నన్ను వెక్కిరించాయి. కంఠ్యాలు గొంతులో పుడతాయి. క, గ పలికేటప్పుడు బయటికి ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. తాలవ్యాలు, మూర్ధన్యాలు నాలుక లోపల దాక్కుంటాయి. దంత్యాలకు నాలుక కొస ఒక్క క్షణం మెరుస్తుంది. స్పష్టంగా కనిపించేవి ఓష్ఠ్యాలే, అవేమో కవలలు. దాంతో పెదవులు చదవడమంటే సగానికి పైగా ఊహించడమే. ఎదుటివాళ్లకు గుబురు మీసాలుంటే ఆ మిగిలిన సగమూ పోతుంది. సాయంత్రానికి తలలో పది పద్యాలకు ప్రతిపదార్థం రాసినంత అలసట వచ్చేది.

సంకేత భాష నేర్చుకుంటానంటే మా చెల్లెలు మొహం చిన్నబుచ్చుకుంది. "ఆ మూగసైగలు నీకెందుకే అక్కా, నీకు మాటొచ్చుగా!" అంది. నిజమే, నాకు మాటొచ్చు. నేను చెప్పింది అందరికీ వినపడుతూనే ఉంది. నాకు చేరాల్సిన మాటే దారిలో పోతోంది. దానికో కొత్త దారి కావాలి, కంటి దారి.

మాస్టారు ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, పుట్టు బధిరుడు. మొదటి రోజే ఒక పలక మీద రాసి చూపించాడు: నా చేతులు చూడొద్దు. నేను తెల్లబోయాను. చేతులతో మాట్లాడే భాషలో చేతులు చూడకపోతే ఎలా? నా చిన్నప్పుడు కూచిపూడి నేర్పినావిడ చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్లాలని చెప్పేది. ఇక్కడ సరిగ్గా తలకిందులు. చూపు ఎదుటివాళ్ల ముఖం మీద నిలవాలి. చేతులు చూపు అంచుల్లో కదులుతూ వాటంతట అవే అందుతాయి. ముఖం వదిలేసి వేళ్ల వెంట పరిగెడితే సగం వ్యాకరణం పోయినట్టే.

ఎందుకంటే వ్యాకరణం ముఖంలో ఉంది. "నువ్వు కాఫీ తాగు" అని చేతులు చెప్పాయనుకోండి. కనుబొమలు పైకి లేచి తల కాస్త ముందుకు వంగితే అది "కాఫీ తాగుతావా?" అవుతుంది. మన తెలుగు ప్రశ్న చివర పలికే 'ఆ' ఇక్కడ కనుబొమల్లో కూర్చుంది. తల అడ్డంగా ఊగితే "తాగవు". బడిలో ముఖం చిట్లించకుండా, గంభీరంగా పాఠం చెప్పడం అలవాటైన దాన్ని. నా ముఖం గోడలా ఉందని మాస్టారు రోజూ దెప్పేవాడు. వేళ్లు కుదరడానికి మూడు నెలలు పట్టింది, ముఖం కదలడానికి ఏడాది.

నేర్చుకుంటున్నది భారతీయ సంకేత భాష. ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ఫోన్‌లో వెతికితే మొదట ఎదురయ్యేవి ఎక్కువగా అమెరికా వీడియోలు. వాళ్ల భాష వేరు. వాళ్ల అక్షరమాల ఒంటి చేతిది, మనది రెండు చేతులది. మనదాంట్లో ఎడమచేతి వేళ్ల కొసలే అచ్చులు. కుడి చూపుడువేలు ఎడమ బొటనవేలి కొసను తాకితే ఇంగ్లిష్ 'ఎ', చూపుడువేలిని తాకితే 'ఇ', అలా వరసగా 'ఐ', 'ఓ', చిటికెన వేలి దగ్గర 'యు'. గుణింతం నేర్పిన నా చేతికి అయిదే అచ్చులా అని నవ్వొచ్చింది. కృష్ణవేణి లాంటి పేరును ఇంగ్లిష్ అక్షరాల గుండా పంపాల్సిందే. కానీ వేలిరాత ఎక్కువగా పేర్లకూ ఊళ్లకే. మిగతాదంతా సంకేతాలే. వేలిరాత చదివేటప్పుడు కూడా ఒక్కో అక్షరం ఏరుకోకూడదు. పుస్తకం చదివేటప్పుడు మనం మాట మొత్తాన్ని ఒకేసారి చూసినట్టే, వేళ్ల కదలిక మొత్తాన్ని ఒక్క ఊపులో పట్టాలి.

ప్రతి సంకేతానికీ చేతి ఆకారం, ఒంటి మీద చోటు, కదలిక ఉంటాయి. 1960లో విలియమ్ స్టోకీ అనే అధ్యాపకుడు అమెరికాలోని గాలడెట్‌లో ఈ విభజన చేసి, సంకేతాలు మూకాభినయం కాదు, వాటికీ ధ్వనుల్లాంటి ముక్కలున్నాయని చూపించాడు. అరచేయి ఎటు తిరిగింది, ముఖం ఏమంటోంది అన్న లెక్కలు తర్వాత చేరాయి. నాకు ఇది స్థానకరణాల పాఠంలా హాయిగా ఎక్కింది. బొటనవేలు నిలబెట్టిన చేయి మంచి వైపు అర్థాలిస్తుంది, చిటికెన వేలు నిలబెడితే చెడ్డ వైపు. ఒక్క వేలు తేడాతో మంచి చెడవుతుంది, ఒక్క వత్తు తేడాతో మనకు అర్థం మారినట్టు. మగవాడికి మీసం, ఆడమనిషికి ముక్కుపుడక. వీటిని చూసినప్పుడు మాత్రం ఇది మన నేల మీద పుట్టిన భాషేనని అనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇందులో ఒక లాభముంది. "నీ పేరు ఏమిటి" అన్న వరస అక్కడా అదే. ప్రశ్న మాట చివర వస్తుంది, కాదు, లేదు అన్నవీ చివరే వస్తాయి. కాలం క్రియకు అంటుకోదు. "నిన్న" అని మొదట ఒకసారి చెప్పేస్తే ఆ తర్వాత చెప్పేదంతా నిన్నటిదే. విభక్తుల పని చేతుల దారి చేస్తుంది. అమ్మను కుడివైపు, అక్కను ఎడమవైపు గాల్లో కూర్చోబెట్టి, "ఇచ్చు" అన్న సంకేతాన్ని కుడి నుంచి ఎడమకు నడిపిస్తే అమ్మ అక్కకు ఇచ్చింది. వెనక్కి నడిపిస్తే అక్క అమ్మకు ఇచ్చింది. 'చేతన్ చేన్ తోడన్ తోన్' అని పిల్లల చేత బట్టీ పట్టించిన నాకు ఈ పొదుపు చూసి ఈర్ష్య కలిగింది.

ఇబ్బంది పెట్టింది సర్వనామం. నువ్వు అనాలంటే ఎదుటి మనిషిని చూపుడువేలితో చూపాలి. మనకు వేలెత్తి చూపడమంటే తప్పుపట్టడం. మా ఆయన్ని నేను నలభై ఏళ్లుగా "ఏవండీ, మీరు" అనే అంటున్నాను. ఆయన వైపు వేలు చూపాల్సి వచ్చిన మొదటి రోజు చెయ్యి సగంలో ఆగింది. ఆయనకేమో సరదా, ఉన్నట్టుండి తనకు సమానస్థాయి దక్కిందన్నారు. మర్యాద వేలిలో ఉండదు, ముఖంలో, చేతి జోరులో ఉంటుందని మెల్లిగా తెలిసింది.

ఆయన కూడా నేర్చుకున్నారు. అసలు విషయం ఇదేనని నా అభిప్రాయం. చెవులు పోతున్న మనిషి ఒక్కత్తే కూర్చుని వెయ్యి సంకేతాలు నేర్చినా ఇంట్లో ఎవరికీ రాకపోతే అవి లాకర్‌లో నగలు. పెద్దయ్యాక వినికిడి పోయినవాళ్లు చాలామంది ఇక్కడే మానేస్తారు. హిందూపురం అవతల, కర్ణాటకలో గౌరిబిదనూరు తాలూకాలో అలీపూర్ అనే ఊరుంది. అక్కడ తరాలుగా బధిరులు ఎక్కువ. ఆ ఊరు తనకంటూ ఒక సంకేత భాషనే పుట్టించుకుంది. శిబాజీ పండా అనే భాషావేత్త దాన్ని అధ్యయనం చేశారు. అక్కడ వినపడేవాళ్లు కూడా ఎందరో ఆ భాషలో మాట్లాడతారు. అలాంటి ఊళ్లో నాలాంటిది ముసలితనంలో చెవులు పోగొట్టుకుంటే కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంటుంది!

మా ఇంట్లో నడిచేది శుద్ధమైన సంకేత భాష కాదని ఒప్పుకోవాలి. ఆయన తెలుగులో మాట్లాడుతూ ముఖ్యమైన మాటలకు సంకేతం జోడిస్తారు. పాట, బాట, మాటల్లో ఏదో చెయ్యి చెప్పేస్తుంది, మిగతాది పెదవులూ, మిగిలిన చెవీ కలిసి పూరిస్తాయి. మాస్టారు దీన్ని చూసి నవ్వుతాడు. రెండు భాషలు ఒకేసారి మాట్లాడితే రెండూ కుంటుతాయన్నది అతని వాదన, అది సరైనదే. కానీ అతనికి సంకేతం తల్లిభాష, నాకు తెలుగు. ఇంట్లో కలగూరగంప చాలు. అతని స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు మాత్రం నోరు మూసుకుని వాళ్ల భాషే మాట్లాడాలి. ఎక్కడ ఏది మాట్లాడుతున్నామో తెలిసి ఉంటే చాలు.

ఆ కుర్రాడు నాకు వాట్సాప్‌లో తెలుగు రాస్తాడు. "రేపు క్లాసు నేను రావడం లేదు జ్వరం." మొదట్లో ఎర్రసిరా పెన్ను కోసం చెయ్యి తహతహలాడింది. తర్వాత తట్టింది, నా సంకేతాలు అతనికి ఇంతకన్నా వంకరగా కనిపిస్తూ ఉంటాయని. ఇప్పుడు ఒప్పందం కుదిరింది. అతను నా చేతులు దిద్దుతాడు, నేను అతని వాక్యాలు దిద్దుతాను.

బధిరుల భాషను ఎన్నాళ్లో బడుల్లో అడుగుపెట్టనివ్వలేదు. 1880లో మిలాన్‌లో కూడిన బధిర విద్యా మహాసభ సంకేతాలు వద్దు, నోటిమాటే ముద్దని తీర్మానించింది. అది తప్పేనని ఆ సభల వారసులు 2010లో వాంకూవర్‌లో విచారం తెలిపారు. మన దేశంలో ఈ భాషకు తొలి నిఘంటువులు తయారుచేసినవారిలో మదన్ వశిష్ఠ ఒకరు. హిమాచల్ పల్లెలో పదకొండేళ్ల వయసులో జబ్బు చేసి వినికిడి పోగొట్టుకున్న మనిషి, అంటే మధ్యలో వచ్చి చేరినవాడే. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి తన వీడియో నిఘంటువును 10,000 మాటలకు పెంచింది. నేను రోజూ తెరిచేది అదే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రమున్న జాతీయ వినికిడి సంస్థకు మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరుంది. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసిన ఆయన పేరు నేను పరీక్షల కోసమే బట్టీపట్టాను.

నిఘంటువు చూసి చెయ్యి తిప్పడం తేలిక, ఎదుటివాళ్ల చెయ్యి చదవడం కష్టం. రెండు వందల సంకేతాలు వచ్చేశాయన్న గర్వంతో మాస్టారి స్నేహితుల మధ్య కూర్చుంటే అయిదు నిమిషాల్లో దిగిపోయింది. అందుకే నేను మొదట గట్టి చేసుకున్నవి రెండే: "మళ్లీ", "నెమ్మదిగా". వెలుతురు సంగతీ ఉంది. మాట్లాడే మనిషి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లటి నీడే. పూలపూల చీర మీద చేతులు కలిసిపోతాయి. వంటింట్లో పిండి చేతులతో సగం వాక్యమే వస్తుంది. ఆ స్నేహితులే నాకు పేరు పెట్టారు. సంకేతంలో పేరు మనం పెట్టుకునేది కాదు, వాళ్లివ్వాలి. మాటిమాటికీ జారే కళ్లజోడును వేలితో పైకి తోస్తుంటానట. అదే నా పేరు.

మొన్న బంధువుల పెళ్లిలో డీజే పెట్టారు. పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. మా ఆయన హాలు అవతలి కొస నుంచి, వంకాయ కూర బాగాలేదు, వేసుకోకు అని చెప్పారు. మా చెల్లెలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పింది. వంకాయ సంకేతం చూపించాను. ఆ వారం మా ఇంటికి వచ్చి మిగతా కూరగాయలు నేర్చుకుని వెళ్లింది.

ఇంట్లో గొడవలకు మాత్రం కొత్త నియమాలు వచ్చాయి. పోట్లాట మధ్యలో ముఖం పక్కకి తిప్పుకుంటే అవతలి మనిషి నోరు నొక్కేసినట్టే. నేనది ఒకట్రెండుసార్లు వాడాను. కళ్లు మూసుకోవడం ఇంకా ఘోరం. రాత్రి లైటు ఆర్పితే ఇద్దరి మాటా ఒకేసారి ఆగిపోతుంది, కాబట్టి ఆఖరి మాట ఎప్పుడూ స్విచ్ దగ్గర ఉన్నవాళ్లదే. స్విచ్ ఆయన వైపు ఉంది. మంచం వైపులు మార్చుకుందామని నిన్న రాత్రి అడిగాను. జవాబు చెప్పకుండా లైటు ఆర్పేశారు.