పెడల్ వదిలితే ఎగిరే బండి

కాలువలకు నీళ్లొచ్చి దమ్ములు మొదలయ్యే రోజుల్లో కృష్ణా డెల్టాలో ట్రాక్టరు మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పక చెవిన పడుతుంది: “క్లచ్ జర్కు కొడుతోంది, బండి ఎగిరిపడుతోంది.” డ్రైవరు పెడల్ నెమ్మదిగానే వదులుతాడు. సగం దాకా బండిలో చలనం ఉండదు. కాలు ఇంకాస్త కదిలిందో లేదో, ఇంజను బలమంతా ఒక్కసారిగా చక్రాల మీద పడుతుంది. ముందు చక్రాలు నేల విడుస్తాయి. వెనక తొట్టిలో కూర్చున్న కూలీలు ఒకరి మీద ఒకరు పడతారు.

దీన్ని చిన్న ఇబ్బందిగా తీసుకుని సీజను గడిపేసేవాళ్లున్నారు. అలా తీసుకోకూడదు. వెనక చక్రాలు బురదలో కూరుకుపోయి తిరగలేకపోతే ఇంజను బలం మరో దారి వెతుక్కుంటుంది. చక్రం తిరగకపోతే, ఇరుసు చుట్టూ బండే పైకి లేస్తుంది. ఇనుప చక్రాలు కట్టిన ట్రాక్టరు దమ్ములో దిగబడినప్పుడు ఎదురయ్యే పెద్ద ప్రమాదం ఇదే. అలా లేచిన బండి ఇక ఆపలేని ఎత్తుకు చేరడానికి ముప్పావు సెకను చాలని ట్రాక్టరు భద్రతా శిక్షణలో చెబుతారు. అంతలో డ్రైవరు కాలు తిరిగి క్లచ్ మీదికి చేరదు. అందుకే క్లచ్ మెత్తగా పట్టడాన్ని నేను సౌకర్యం కింద లెక్కపెట్టను, బ్రేకు పక్కన పెట్టి చూస్తాను.

మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత బండ్లది పెద్ద వంశమే. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి పెట్టిన కంపెనీ నుంచి బి-275 వచ్చింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే మాసీ ఫెర్గూసన్ 1035ను ఇచ్చింది. 1971లో హెచ్‌ఎంటీ పింజోర్‌లో జెటర్ సహకారంతో 25 హార్స్‌పవర్ బండితో అడుగుపెట్టింది. వీటన్నిటిలోనూ క్లచ్ నూనె తగలకూడని పొడి రకమే. ఇంజను వెనక ఫ్లైవీల్ ఉంటుంది. గేరుబాక్సు నుంచి ముందుకొచ్చిన ఇన్‌పుట్ షాఫ్టు మీద క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కేసి అదిమే ప్రెషర్ ప్లేటు, ఆ అదుము ఇచ్చే స్ప్రింగులు ఉంటాయి. పెడల్ నొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ఫింగర్లనే చిన్న మీటలను తోస్తుంది, ప్రెషర్ ప్లేటు వెనక్కి వస్తుంది. వదిలినప్పుడు ప్లేటు ముందు కాస్త జారి, ఆ తర్వాత గట్టిగా పట్టుకోవాలి. మెత్తదనమంతా ఆ కాస్త జారుడులోనే ఉంది. అది లేకపోతేనే జర్కు.

మంచి మెకానిక్ మొదట పానా పట్టుకోడు, ప్రశ్న అడుగుతాడు. బరువు లాగేటప్పుడు ఇంజను మోత పెరిగి బండి మాత్రం కదలట్లేదా? అయితే క్లచ్ జారుతోంది. పెడల్ పూర్తిగా నొక్కినా గేరు గీకుతోందా? అయితే క్లచ్ తెగట్లేదు. ఈ రెండూ కాక, పట్టేటప్పుడు మాత్రమే ఎగురుతోందా? అదే జర్కు. మూడూ క్లచ్‌లో పుట్టేవే అయినా మందు ఒకటి కాదు. చాలా షెడ్లలో మూడింటికీ ఒకటే వైద్యం జరుగుతుంది, పెడల్ రాడ్డు మీది నట్టు తిప్పడం.

ఆ నట్టు పని వేరు. పెడల్‌కు పైన కొంత ఖాళీ కదలిక ఉండాలి. చాలా పాత బండ్లకు అది అంగుళం అటూ ఇటూగా ఉంటుంది, సరైన కొలత ఆ బండి పుస్తకంలో చూసుకోవాలి. ఖాళీ లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లను రాసుకుంటూ తిరుగుతుంది, ప్లేటు సగం పట్టులోనే ఉండి కాలిపోతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే పెడల్ అడుగంటా నొక్కినా క్లచ్ తెగదు. అంటే ఈ సర్దుబాటు క్లచ్ ఎక్కడ పట్టాలో నిర్ణయిస్తుంది. ఎలా పట్టాలో నిర్ణయించలేదు. జర్కు కొట్టే బండికి నట్టు తిప్పితే జర్కు పెడల్‌లో పైకో కిందికో జరుగుతుంది తప్ప పోదు. రెండు రోజులు బాగైనట్టు అనిపించడానికి కారణం కాలుకు కొత్త చోటు అలవాటు కాకపోవడమే.

మన పల్లె మెకానిక్కుల విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది బండి విప్పకముందు వాళ్లు చేసే పరీక్ష. పిల్లప్పుడు పానాలు అందిస్తూ, గ్రీజు గుడ్డలు ఉతుకుతూ నేర్చుకున్న విద్య అది. ముందు ఇంజను ఆపి, పెడల్‌ను చేత్తో నొక్కి వదులుతారు. పెడల్ జిగురులో ఇరుక్కున్నట్టు ఆగి ఆగి పైకి వస్తే తప్పు బయటే ఉంది. పెడల్ షాఫ్టు బుష్ ఎండిపోయి ఉంటుంది, లేదా బురద ఎక్కి తుప్పు పట్టి ఉంటుంది. అలాంటి పెడల్ ఆగినచోట ఆగి ఒక్క ఉదుటున జారుతుంది. కాలు ఎంత నిదానంగా వదిలినా క్లచ్‌కు అందేది ఆ ఉదుటే. బుష్‌లో కొత్త గ్రీజు వచ్చేదాకా గన్నుతో కొట్టి, అరిగిన క్లెవిస్ పిన్ను మార్చి, రాడ్డు చివర రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగి ఉంటే వెల్డింగ్ చేయించి మళ్లీ తొలిపిస్తే, కొన్ని బండ్లు అక్కడికక్కడే దారికి వస్తాయి.

రాకపోతే బండి కిందికి దూరాలి. క్లచ్ హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపల నూనె చేరితే కారిపోవడానికే దాన్ని పెట్టారు. కొన్ని నమూనాల్లో అందులో స్ప్లిట్ పిన్ను వేలాడుతూ ఉంటుంది. బండి కుదుపుకు అది ఆడుతూ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. దమ్ముకు దిగేముందు బురదనీళ్లు లోపలికి రాకుండా బిరడా బిగించే బండ్లూ ఉన్నాయి. దమ్ములు అయ్యాక ఆ బిరడా తీయడం మరిచిపోతే లోపల కారిన నూనె కారినట్టే నిలిచి ప్లేటును తడుపుతుంది.

రంధ్రం దగ్గర వేలు పెట్టి చూస్తే సగం రోగం తెలుస్తుంది. నల్లగా, పలుచగా ఉంటే ఇంజనాయిల్. అంటే క్రాంకు వెనక సీలు పోయింది. చిక్కగా, తేనెరంగులో, ఘాటు వాసన వేస్తే గేరాయిల్. అంటే ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోయింది. నూనె ఎక్కిన ప్లేటు మీది లైనింగ్ ముందు జారుతుంది, రాపిడికి వేడెక్కి నూనె జిగురుగా మారాక ఒక్కసారిగా అంటుకుంటుంది. ఒకే బండి పొద్దున జారి మధ్యాహ్నం జర్కు కొట్టిందంటే నూనెను అనుమానించాలి. ప్లేటును పెట్రోలుతో కడిగి ఆరబెట్టి మళ్లీ బిగించేవాళ్లున్నారు. అది కొద్ది రోజుల ముచ్చట. లైనింగ్ లోపలికి ఇంకిన నూనె వేడికి తిరిగి పైకి ఉబుకుతుంది. సీలు మార్చాలి, ప్లేటూ మార్చాలి. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయడం డబ్బు నూనెలో ముంచడమే.

నూనె లేని జర్కులూ ఉన్నాయి. దమ్ములయ్యాక నెలల తరబడి చెట్టుకింద నిలిపిన బండిలో ఫ్లైవీల్ తుప్పు పట్టి ప్లేటుకు అతుక్కుంటుంది. పెడల్‌ను చెక్కదిమ్మెతో నొక్కి ఉంచి బండిని నిలపడం పాత డ్రైవర్ల పద్ధతి, దాన్ని వదులుకోకూడదు. ఇక తొట్టి నిండా బరువుతో గట్టెక్కుతూ క్లచ్‌ను సగం పట్టు మీదే ఆడించే అలవాటుంటే లైనింగ్ కాలి అద్దంలా నునుపెక్కుతుంది, ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు వస్తాయి. ఆ మచ్చలు ప్లేటును సమంగా జారనివ్వవు.

ఇక్కడికి వచ్చాక బండిని రెండుగా విడదీయక తప్పదు. ఇంజను ఒక పక్క, గేరుబాక్సు ఒక పక్క. ముందు ఇరుసు నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా చేసి ఉంటుంది కాబట్టి, విడదీసేముందు ఇరుసుకూ పైనున్న ఇంజను భాగానికీ మధ్య రెండు వైపులా చెక్క చీలికలు దిగగొట్టాలి. లేకపోతే బోల్టులు వచ్చేసిన క్షణంలో ముందు సగం పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. హౌసింగ్‌లోని దుమ్మును గాలి పైపుతో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడారు, అది ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. తడిగుడ్డతో తుడవాలి. కుర్రాళ్లు గాలి పైపు అందుకోబోతే మేస్త్రీ చేతిలోంచి లాక్కోవాలని నా కోరిక.

లోపల మొదట చూడాల్సింది ఫింగర్లు. మూడు ఫింగర్ల కొసలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి అర మిల్లీమీటరు హెచ్చినా ప్రెషర్ ప్లేటు వంకరగా వాలుతుంది, ప్లేటు ఒక అంచున ముందు పట్టుకుని బండిని వణికిస్తుంది. చేయి తిరిగిన మెకానిక్ స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, ఫీలర్ గేజ్‌తో ఒక్కొక్క ఫింగర్నూ కొలిచి, ఫ్లైవీల్ తిప్పి మళ్లీ కొలుస్తాడు. ఈ పనిలో తొందర చూపేవాడి దగ్గర బండి విప్పించకపోవడం మేలు. మాసీలాంటి రెండు ప్లేట్ల బండ్లలో పెడల్ సగం నొక్కితే నడక, పూర్తిగా నొక్కితే పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు ఆగుతాయి కాబట్టి ఈ కొలత రెండుచోట్ల చూడాలి.

తర్వాత ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్లు. ప్లేటు వాటి మీద తేలిగ్గా జరగాలి. గాడి పడితే ప్లేటు ఇరుక్కుని ఒక్క కుదుపుతో జరుగుతుంది. అక్కడ గ్రీజు పల్చగా రాయాలి, ఎక్కువైతే అది తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీదే పడుతుంది. ఫ్లైవీల్ మచ్చలు లోతుగా ఉంటే లేత్ మీద కోత వేయించాలి. ప్లేటు ఎంపికలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లైనింగ్ బదులు గుండ్రటి లోహపు ముక్కలు అతికించిన ప్లేట్లు వేడికి బాగా ఆగుతాయి, కానీ వాటి స్వభావమే గట్టిగా పట్టడం. పాత బండికి, దమ్ము పనికి మెత్తటి లైనింగ్ ప్లేటే వేయాలి. దాని రెండు లైనింగుల మధ్య వంపు తిరిగిన స్ప్రింగు రేకులు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి. ఆ జారుడును ఇచ్చేవి అవే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దొరకనిదంటూ ఉండదు, కాబట్టి అడిగి తీసుకోవడం మన బాధ్యత.

బిగించేటప్పుడు పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్కను డమ్మీగా దూర్చి ప్లేటును నడిమికి తెచ్చాకే ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కొత్త లైనింగ్ మొదటి రోజుల్లో కాస్త జర్కు కొట్టడం సహజం. తొట్టి కట్టకుండా తేలికపాటి దున్నకం చేయిస్తే అది ఫ్లైవీల్‌కు కుదురుకుంటుంది. అలా కుదురుకునేటప్పుడు లైనింగ్ కొంత అరిగి పెడల్ ఖాళీ తగ్గిపోతుంది కాబట్టి, మొదటి వారం గడిచాక ఖాళీ మళ్లీ కొలిచి, రాడ్డు మీది నట్టును అప్పుడు తిప్పాలి.