తొమ్మిదేళ్లు పలికిన హామ్‌శాట్

2005 మే 5న శ్రీహరికోటలో రెండో ప్రయోగ వేదిక నుంచి ఎగిరిన తొలి రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ6. అందులో అసలు ప్రయాణికుడు 1,560 కిలోల కార్టోశాట్-1. దాంతోపాటు వెళ్లిన 42.5 కిలోల హామ్‌శాట్‌ను మాలాంటి హామ్ రేడియో వాళ్ల కోసం ఇస్రో చేసిపెట్టింది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నది తొమ్మిదేళ్లు దాటి పనిచేసింది. తక్కువ ఖర్చులో ఉపగ్రహం నడపడం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

కోనసీమలో దాన్ని అందుకోవాలంటే కొబ్బరిచెట్లు అడ్డురాని డాబా కావాలి. వెదురు కర్రకు అల్యూమినియం ఊచలు బిగించిన యాంటెనాను ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో రేడియో నాబ్ తిప్పుతూ నిలబడేవాణ్ణి. హామ్‌శాట్ పాపికొండల వైపు లేచి బంగాళాఖాతం మీద దిగిపోయేది. ఆ మధ్య దొరికేది మహా అయితే పావుగంట. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది కనక ఫ్రీక్వెన్సీ జారిపోతూనే ఉంటుంది. నాబ్ కాసేపు వదిలితే అవతలి మనిషి గొంతు మారిపోతుంది, ఇంకాసేపటికి మాటే తెలియదు.

అంతకాలం అది ఎలా నిలిచిందంటే, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ పెట్టలేదు. విప్పుకోవాల్సిన రెక్కలు లేవు, సౌరఫలకాలు ఒంటికే అతికించారు. నిలకడ కోసం తన చుట్టూ తాను తిరిగేది. కింది నుంచి వచ్చే మాటను అందుకుని తిరిగి కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లు మాత్రం రెండు పెట్టారు. ఒకటి మన హామ్‌లు చేసింది, రెండోది విలియం లీయెనార్ అనే డచ్ విద్యార్థి చేసింది. పొదుపు చేయాల్సిన చోటేదో, చేయకూడని చోటేదో తెలిసినవాళ్ల పని అది.

దాని ప్రాణమంతా బ్యాటరీలోనే. భూమి చుట్టూ ఒక్కో చుట్టుకు గంటన్నర పైచిలుకు పడుతుంది, ప్రతి చుట్టులోనూ కాసేపు భూమి నీడలో గడపాలి. అంటే రోజుకు పదిహేనుసార్లు బ్యాటరీ తగ్గడం, మళ్లీ నిండడం. తొమ్మిదేళ్లలో దాదాపు 50 వేలసార్లు! చివరికి 2014 జులైలో మొరాయించిందీ ఆ లిథియం బ్యాటరీయే.

ఆ బ్యాటరీని కాపాడే బాధ్యత సగం కింద ఉన్న మాది. ట్రాన్స్‌పాండర్‌కు ఉన్న కొద్దిపాటి శక్తినే మాట్లాడేవాళ్లంతా పంచుకోవాలి. ఒకడు అవసరానికి మించిన పవర్‌తో అరిస్తే బ్యాటరీ మీద భారం పడుతుంది, మిగతావాళ్ల గొంతులు అణిగిపోతాయి. దాళ్వాలో ఎగువ రైతు వంతు దాటి తూము తెరిస్తే శివారు చేను ఎండిపోయినట్టే. పైన రిపేరుకు మనిషి వెళ్లలేడు కనక ఈ మర్యాదే దానికి మరమ్మతు.

శాస్త్ర ప్రయోగాల ఉపగ్రహాలకు ఈ కరెంటు విషయం ఇంకా కఠినం. 1975 ఏప్రిల్ 19న వెళ్లిన ఆర్యభట్టలో కొద్ది రోజులకే విద్యుత్ సరఫరా దెబ్బతిని ప్రయోగాలు ఆగిపోయాయి. మంచి పరికరాలున్నా కరెంటు లేక మూగబోయాయి. దానికి భిన్నంగా, 1994 మేలో ఏఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన స్రాస్-సీ2 కొన్నేళ్లపాటు అయనోమండలం కొలతలు పంపింది. నూటపదిహేను కిలోల ఉపగ్రహం. దాని లెక్కల మీద పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ధ్రువ స్పేస్ 2022 నవంబరులో థైబోల్ట్ జంట ఉపగ్రహాలను పంపాక, మా గోదావరి జిల్లాల కాలేజీల పిల్లలు కూడా ఉపగ్రహం చేస్తామంటున్నారు. చాలా సంతోషం. కానీ ముందు గ్రౌండ్ స్టేషన్ కట్టండని చెబుతాను. ప్రయోగం ఒక్కరోజు పండగ, సంకేతాలు వినడం ఏళ్ల తరబడి పని. కాలేజీ డాబా మీద రెండు యాంటెనాలు, ఒక చిన్న కంప్యూటర్ చాలు. ఇప్పటికే తిరుగుతున్న ఉపగ్రహాలను ఏడాదంతా విని, అవి మన మీదుగా పోయిన ప్రతిసారీ వివరాలు రాసిపెట్టాలి. సెలవుల్లో వినేదెవరో ముందే తేల్చుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపాను గాలులకు యాంటెనా నిలుస్తుందో లేదో, కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టర్ ఎన్ని గంటలు లాగుతుందో చూసుకోవాలి. అవి తెలిశాక తమ ఉపగ్రహానికి ఎంత బ్యాటరీ కావాలో వాళ్లే లెక్కేస్తారు.