నిండు సభలో సాక్షి ఎవరు?

దుష్యంతుడు శకుంతలను మరిచిపోయాడా, మరిచిపోయినట్టు బొంకాడా? మనలో చాలామంది మరిచిపోయాడనే అంటారు. దుర్వాసుడి శాపం, జారిపోయిన ఉంగరం, చేప కడుపు: 1966లో ఎన్టీఆర్, బి.సరోజాదేవి నటించిన ‘శకుంతల’ చూసినవాళ్లకూ, 2023లో గుణశేఖర్ తీసిన ‘శాకుంతలం’ చూసినవాళ్లకూ తెలిసిన కథ అదే. భారతం చదివినవాళ్లు మాత్రం ఒప్పుకోరు. అక్కడ శాపమూ లేదు, ఉంగరమూ లేదు. రాజుకు అంతా గుర్తుంది. గుర్తుండే కాదన్నాడు.

ఇలాంటి చోట పరీక్షల గైడ్లకు ఒక పద్ధతి ఉంది. కాగితం మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు భారతం, కుడివైపు నాటకం అని రాసి, తేడాలన్నీ వరసపెట్టడం. మార్కులకు లోటుండదు. అయితే తేడా ఉందని చెప్పినంతలో విమర్శ అయిపోదు. ఆ తేడా ఎందుకు కావలసివచ్చింది, దానికోసం కవి ఇంకెక్కడెక్కడ చెయ్యి పెట్టవలసివచ్చింది అన్నవి తేలాలి. అందుకు కథంతా మీద వేసుకోకుండా ఒక్క ఘట్టాన్ని గట్టిగా పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. శకుంతల కథలో ఆ ఘట్టం సభ. రాజు ఎదుట నిలబడి ఒక ఆడమనిషి ‘నేను నీ భార్యను’ అంటోంది. పెళ్లి గాంధర్వం. చూసినవాళ్లెవరూ లేరు. మరి సాక్షి ఎవరు? ప్రతి కవీ ఈ ప్రశ్నకు తన జవాబు తాను చెప్పుకున్నాడు. కథ, పద్యం, నాటకం ఒకదానికొకటి ఎక్కడ ఎడమవుతాయో ఆ జవాబుల్లోనే కనిపిస్తుంది.

వ్యాసుడిది ఆఖ్యానం. కథ చెప్పేవాడు పక్కనే ఉన్నాడు కాబట్టి రాజు మనసులో ఏముందో అతనే చెప్పేస్తాడు: రాజుకు జ్ఞాపకం ఉంది, అయినా లేదన్నాడు. వినేవాడికి ఇక అనుమానం లేదు. శకుంతల గెలుస్తుందా లేదా అన్నదొక్కటే మిగిలింది. ఆమె వెంట కొడుకున్నాడు. పెళ్లికి ముందే ‘నా కొడుకే యువరాజు కావాలి’ అని షరతు పెట్టుకున్న మనిషి ఆమె, ఉత్తి అమాయకురాలేం కాదు. ఎవరూ చూడలేదనుకుంటున్నావేమో, సూర్యచంద్రులు, గాలి, నిప్పు, నేల, నీరు, ఆకాశం, పగలూ రాత్రీ, నీ గుండె, ఇవన్నీ చూశాయంటుంది. చివరికి అశరీరవాణి పలికి తీర్పు చెబుతుంది. అప్పుడు దుష్యంతుడు మంత్రుల వైపు తిరిగి, ఈ సంగతి నాకూ తెలుసు, ఈమె మాట మీదే ఒప్పుకుంటే లోకం శంకిస్తుందని ఊరుకున్నానంటాడు. ఎంత రాజనీతి అయినా ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

పాళీ జాతకాల్లో ఈ కథకు ఒక దగ్గరి చుట్టం ఉంది, కట్ఠహారి జాతకం. వారణాసి రాజు బ్రహ్మదత్తుడు వనంలో కట్టెలేరుకునే అమ్మాయిని చేరదీసి ఉంగరం ఇస్తాడు. ఆమె కొడుకుతో సభకు వస్తే, నలుగురిలో సిగ్గుపడి కాదంటాడు. ఆమె ఉంగరం చూపిస్తుంది. అదీ నాది కాదంటాడు! అప్పుడామె, ఇక సత్యం తప్ప నాకు సాక్షి లేదని ఒట్టుపెట్టి పిల్లవాణ్ని పైకి విసురుతుంది. వాడు గాలిలో కూర్చుని, నేను నీ కొడుకునే అని పలుకుతాడు. ఉంగరం ఉన్నా పనికిరాని కథ ఇది. బొంకదలచుకున్నవాడి ముందు గుర్తులు ఎన్ని పెడితే మాత్రం ఏం లాభం?

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో, నన్నయ ఈ ఘట్టాన్ని తెలుగు చేశాడు. మూలంలో రాజూ శకుంతలా చాలాసేపు ఒకరినొకరు దెప్పుకుంటారు. మేనకను పట్టుకుని రాజు అనరాని మాటలంటాడు. నన్నయ ఆ రచ్చను తగ్గించి, బరువంతా పద్యం మీదికి తెచ్చాడు. నూతుల పద్యాన్నే చూడండి. బడిలో కంఠస్థం చేసిన చంపకమాల కాబట్టి ఇక్కడ మళ్లీ ఎత్తిరాయడం లేదు. మంచినీళ్లున్న నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం. ఈ మెట్లు వ్యాసుడివే. పాఠ్యపుస్తకంలో ఒంటరిగా చదివితే ఇదొక నీతిపద్యం, అంతే. సభలోకి తీసుకొచ్చి పెట్టండి. ఆ నాలుగో మెట్టు మీద ఉన్న కొడుకు అక్కడే, తల్లి పక్కనే నిలబడి ఉన్నాడు. ఏ కొడుకు కోసం అంత దూరం నడిచి వచ్చిందో ఆ కొడుకు కంటే నువ్విచ్చిన మాటే పెద్దదని తల్లి అంటోంది. నా బిడ్డను ఏలుకోమని అడుక్కునే గొంతు కాదది, నీ మాట నువ్వు నిలబెట్టుకోమని నిలదీసే గొంతు. ఇంకొకటి. బొంకుతున్న ఆ రాజును పద్యం మొదట్లోనే, సత్యమే వ్రతంగా గలవాడా అని పిలుస్తుంది. అది మర్యాదా, చురకా? రెండూనేమో. నన్నయ అక్షరాల్లో మర్యాద ఉంది, సందర్భంలో చురక ఉంది. వచనంలో అయితే ఈ రెండూ విడిపోయి రెండు వాక్యాలవుతాయి. పద్యంలో ఒక్క సంబోధన చాలింది.

ఇక కాళిదాసు. నాటకంలో కథ చెప్పేవాడు లేడు. రాజు మనసులోని మాట చెవిలో వేసే దిక్కు లేదు. పైగా నాటకానికి నాయకుడు ధీరోదాత్తుడు కావాలి, కట్టుకున్నదాన్ని సభలో బొంకి గెంటినవాడు పనికిరాడు. అందుకే శాపం. ఈ మార్పును మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందటే పట్టుకున్నారు. కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో దుర్వాస శాపాన్ని ఉదాహరణగా చూపి, పాతకథలో కవి కల్పించి చేర్చిన చిన్న అంశం మొత్తం రచనకు ఎలా అందం తెస్తుందో వివరించాడు. మూలాన్నీ కావ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూసే విద్య మనకు పాతదే.

శాపం పెట్టడం తేలిక. దాన్ని రంగస్థలం మీద నిలబెట్టడమే కష్టం. శకుంతల సంగతి తెలిసిన ఒక్కడు సభలో నోరు విప్పినా నాటకం ఐదో అంకంలోనే ముగిసిపోతుంది. కాళిదాసు ఒక్కొక్క సాక్షినీ ఎలా తప్పించాడో గమనిస్తే ముచ్చటేస్తుంది. శాపం సంగతి తెలిసినవాళ్లు చెలికత్తెలు అనసూయా ప్రియంవదలు ఇద్దరే. వాళ్లకూ పెళ్లి చెయ్యాలి, రాకూడదని కణ్వుడు ఆశ్రమంలోనే ఉంచేస్తాడు. విదూషకుడికి ప్రేమ సంగతి తెలుసు. రెండో అంకం చివర రాజు అతణ్ని రాజధానికి పంపిస్తూ, అదంతా వేళాకోళమేలే అని చెప్పి పంపాడు. అంతటితో ఊరుకోక, ఐదో అంకంలో శకుంతల రాకముందే అతణ్ని అంతఃపురంలోని హంసపదిక దగ్గరికి తోలేశాడు. ఆరో అంకంలో, నువ్వైనా గుర్తుచెయ్యలేదేమయ్యా అని రాజు అడిగితే, వేళాకోళమన్నావుగా అంటాడు విదూషకుడు. ముడి ఎప్పుడో వేసి ఉంచాడన్నమాట. ఉంగరం శచీతీర్థంలో జారిపోయింది. కొడుకు ఇంకా కడుపులోనే ఉన్నాడు. పంచభూతాల ఊసే లేదు. శకుంతల చేతిలో మిగిలింది ఒక జ్ఞాపకం: రాజు తామరాకు దొప్పతో నీళ్లిస్తే తాగని లేడిపిల్ల తన చేత తాగిందని. రాజు నవ్వి కొట్టిపారేస్తాడు. ఆ సభలో నిజం తెలిసినవాళ్లు ఇక ప్రేక్షకులే. తెలిసీ ఏమీ చెయ్యలేని సాక్షులుగా మనల్ని కూర్చోబెట్టాడు కాళిదాసు. కథకుడు పక్కనుంటే ఈ ఇరకాటం పుట్టదు.

దీనికి ధర చెల్లించింది శకుంతల. భారతంలో ధర్మశాస్త్రమంతా తానే విప్పి చెప్పిన మనిషి, ఇక్కడ వాదన చాలావరకు వెంట వచ్చిన కణ్వుడి శిష్యుడు శార్ఙ్గరవుడికి వదిలేసింది. ‘అనార్యా’ అని ఒక్కసారి మండిపడుతుంది, నిజమే. ఆ మాట పదునైనదే. కానీ నూతుల పద్యం చెప్పిన గొంతు మాత్రం ఆమెది కాదు. రాజును కాపాడుకోవడానికి కవి ఆమె నోట్లోంచి తీసేసినవి తక్కువేం కాదు.

15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘శృంగార శాకుంతలము’లో నాటకాన్నీ భారతాన్నీ కలిపాడు. నాలుగు ఆశ్వాసాల కావ్యం. వర్ణనల్లో అతని చెయ్యి గొప్పది. సభకు వచ్చేసరికి మాత్రం నాకు కావలసిన బిగువు అందులో కనిపించలేదు. శాపముందని ముందే తెలిశాక వాదన ఎంత పెంచినా ఏముంది, వినవలసినవాడు మతిలో లేడు.

పాత్రను పాత్రతో పోల్చే దారి ఇంకొకటి ఉంది. బంకించంద్రుడు శకుంతలను షేక్‌స్పియర్ మిరాండాతోనూ డెస్డిమోనాతోనూ పోల్చాడు. మనకు 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ వచ్చాక పాత్రలనూ కథాసంవిధానాన్నీ తూచే చూపు అలవడింది. ‘శాకుంతలము యొక్క అభిజ్ఞానత’ అని విశ్వనాథ సత్యనారాయణ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పాత్రలను పోల్చడంలో ఒక చిక్కుంది: ఆ పాత్ర పద్యంలో పుట్టిందా, రంగం మీద పుట్టిందా అన్న సంగతి వెనకబడుతుంది. మిరాండా పక్కన నిలబెట్టదగినది కాళిదాసు శకుంతలే. వ్యాసుడి శకుంతల అక్కడ ఇమడదు.

శాపంతో దుష్యంతుడు పూర్తిగా కడిగిన ముత్యమయ్యాడా? ఐదో అంకం తెర తీయగానే హంసపదిక పాట వినిపిస్తుంది. ఒకప్పుడు మామిడిపూతను మరిగి, ఇప్పుడు తామరలో హాయిగా కాపురమున్న తుమ్మెదను ఆ పాట దెప్పుతుంది. ఒకసారి ప్రేమించి వదిలేసినదాని ఎత్తిపొడుపు ఇది అని రాజే ఒప్పుకుంటాడు. హంసపదికను మరవడానికి ఏ ముని శాపమూ అక్కర్లేకపోయింది. నాయకుణ్ని తప్పించడానికి అన్ని ముళ్లు వేసిన కవి, సభకు సరిగ్గా ముందు ఈ పాటను ఎందుకు పెట్టినట్టు? వ్యాసుడి దుష్యంతుణ్ని పూర్తిగా చెరిపెయ్యడం ఆయనకూ ఇష్టం లేకపోయిందనే నేననుకుంటాను.