తొందరపెట్టని యుద్ధం

2021 మే 27న, డ్రాగన్ క్వెస్ట్ మొదటి గేమ్ వచ్చి సరిగ్గా ముప్ఫై అయిదేళ్లు నిండిన రోజున, స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ఆ సిరీస్‌లో పన్నెండో భాగాన్ని ప్రకటించింది. చూపించింది మాత్రం నిప్పులు కక్కే లోగో ఒక్కటే. దాని కింద విధి జ్వాలలు అనే అర్థం వచ్చే ఉపశీర్షిక. పాత్రలు లేవు, ఊళ్లు లేవు, ఒక్క యుద్ధ దృశ్యమైనా లేదు. సిరీస్ సృష్టికర్త యుజి హోరీ మాత్రం రెండు ముఖ్యమైన సంగతులు చెప్పారు. ఈసారి కథ కాస్త చీకటిగా, పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఉంటుందన్నది ఒకటి. ఇన్నేళ్లుగా నడుస్తున్న కమాండ్ యుద్ధాన్ని, అంటే మెనూలోంచి ఆదేశాలు ఎంచుకుని పోరాడే పద్ధతిని, తీసెయ్యకుండానే, దాని రూపం మారుస్తామన్నది రెండోది.

మొదటిదాన్ని అభిమానులు తేలిగ్గానే జీర్ణించుకున్నారు. రెండోదాని మీదే వాదాలు. మెనూలో నాలుగు మాటలు మారితే ఇంత గొడవ దేనికని బయటివాళ్లకు అనిపించడం సహజం. ఆ మెనూ ఎందుకు పుట్టిందో, ఏం పని చేస్తుందో తెలిస్తే గానీ ఆ బెంగ అర్థం కాదు.

మొదటి గేమ్ తయారుచేసే నాటికి హోరీ షోనెన్ జంప్ అనే కామిక్స్ పత్రికకు రాసే రచయిత. అమెరికాలో తయారైన విజార్డ్రీ, అల్టిమా అనే కంప్యూటర్ గేమ్‌ల పిచ్చి పట్టినవాడు. ఆ రెండూ కీబోర్డు ముందు కూర్చుని, కాగితం మీద పటాలు గీసుకుంటూ ఆడాల్సినవి. వాటిని జపాన్‌లో పిల్లల చేతుల్లో ఉన్న ఫామికామ్ అనే గేమ్ యంత్రంలోకి తేవాలి. దానికి కీబోర్డు లేదు, ఒక దిక్కుల మీట, రెండు బటన్లు ఉన్నాయి. ప్రోగ్రామింగ్ బాధ్యత చున్‌సాఫ్ట్ అధిపతి కోయిచి నకామురాది. ఆయనకప్పుడు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. కాట్రిడ్జ్‌లో చోటు 64 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. కటకానా లిపిలోని అక్షరాలన్నీ పెట్టుకోవడానికి కూడా జాగా లేక కొన్నింటినే ఎంచుకున్నారు. రాక్షసుల పేర్లూ ఊళ్ల పేర్లూ ఆ కొద్ది అక్షరాల్లోనే ఒదగాలి.

ఆ ఇరుకులో హోరీ చేసిన గొప్ప పని గేమ్ మొదటి గదిలోనే కనిపిస్తుంది. వీరుడు రాజు ఎదుట నిలబడి ఉంటాడు. తలుపుకి తాళం. గదిలో మూడు పెట్టెలు. వాటిలో 120 బంగారు నాణేలు, ఒక కాగడా, ఒక తాళంచెవి. బయటపడాలంటే మనుషులతో మాట్లాడాలి, పెట్టెలు తెరవాలి, తలుపు తియ్యాలి, మెట్లు దిగాలి. ప్రతిదానికీ మెనూలో ఒక ఆదేశం ఉంది. ఆఖరికి మెట్లు దిగడానికీ ఉంది, చాదస్తంగా! కానీ గది దాటేసరికి, ఇలాంటి ఆటను ఎన్నడూ చూడని పిల్లవాడికి కూడా ఆడటం వచ్చేసి ఉంటుంది. పాఠం చెప్పినట్టు వాడికి తెలియనైనా తెలియదు.

కోట బయట అడుగు పెట్టగానే నీళ్లకు అవతలి ఒడ్డున ఇంకో కోట కనిపిస్తుంది. చివర్లో చంపాల్సిన డ్రాగన్ రాజు ఉండేది అక్కడే. కంటికి ఆనుతుంది, కాలికి అందదు. చేతిలో 120 నాణేలు, అంగట్లో రాగి కత్తి 180. కాబట్టి వెదురు కర్రో దుడ్డుకర్రో కొనుక్కుని స్లైమ్‌లనే చిన్న రాక్షసుల మీద పడాలి. ఒక్కో స్లైమ్‌కీ వచ్చే అనుభవం ఒక్క పాయింటు. చచ్చిపోతే మళ్లీ రాజు ముందు లేస్తాం. జేబులో సగం డబ్బు పోతుంది, సంపాదించిన అనుభవం మాత్రం ఎక్కడికీ పోదు. ఈ నియమం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ సంప్రదాయం మొత్తానికీ పునాది ఇదే. చేతివేగం లేనివాడు, మారియోలో మొదటి గుంటలోనే పడిపోయేవాడు కూడా ఓపిక పడితే దీన్ని చివరిదాకా ఆడగలడు.

ఇక యుద్ధం. తెర మీద శత్రువు మన కళ్లలోకి చూస్తూ నిలబడతాడు. పక్కన చిన్న పెట్టెలో దాడి, మంత్రం, వస్తువు, పారిపో. మనం ఏదో ఒకటి ఎంచుకునేదాకా వాడు కదలడు. ప్రాణం పన్నెండు పాయింట్లకు పడిపోయింది, శత్రువు ఒక్క దెబ్బకు పది తీస్తున్నాడు. వైద్య మంత్రం వేస్తే ఈ వంతు గడుస్తుంది, కానీ మంత్రశక్తి అడుగంటుతుంది. కొడితే వాడు చావొచ్చు, చావకపోవచ్చు. ఊరు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆటగాడు ఇక్కడ అరనిమిషం ఆగుతాడు. ఆట కూడా ఆగుతుంది. యాక్షన్ గేమ్‌లో ఈ భయం వేళ్లలో నుంచి జారిపోతుంది. ఇక్కడ భయం కూడా మనదే, నిర్ణయం కూడా మనదే. వీరుడు ఒక్క మాటా మాట్లాడడు కాబట్టి ఆ ఖాళీని నింపేది కూడా మనమే.

ఈ నిర్ణయాన్ని ఆటగాడి చేతిలోంచి తీసుకుంటే ఏమవుతుందో హోరీకి తెలియని సంగతేం కాదు. 1990లో నాలుగో భాగంలో ఆయనే ఆ ప్రయోగం చేశారు. చివరి అధ్యాయంలో సహచరులకు మనం నేరుగా ఆదేశాలు ఇవ్వలేం. జాగ్రత్తగా పోరాడండి, మంత్రాలు పొదుపు చెయ్యండి అని వ్యూహం చెప్పొచ్చు, అంతే. మిగతాది వాళ్ల బుర్ర. కాట్రిడ్జ్ కాలానికి అది గొప్ప సాంకేతిక సాహసమే. కానీ క్లిఫ్ట్ అనే పూజారి, చావు మంత్రం పనిచెయ్యని బాస్‌ల మీద కూడా మళ్లీమళ్లీ అదే వేస్తూ పోయేవాడు. పక్కన మన వీరుడు ప్రాణం పోయే స్థితిలో ఉన్నా సరే! జపాన్‌లో ఇప్పటికీ దాని మీద జోకులు వేసుకుంటారు. రెండేళ్లకు అయిదో భాగంలో ఆదేశాలు మనమే ఇచ్చుకునే వీలు వచ్చింది. పన్నెండో భాగం రూపకర్తలు గోడకు రాసిపెట్టుకోవాల్సిన కథ ఇది.

2017 నాటి పదకొండో భాగంలో ఇంకో రకం రాజీ కనిపిస్తుంది. యుద్ధరంగంలో వీరుణ్ని అటూ ఇటూ నడిపించవచ్చు. నడిచినందువల్ల ఒరిగేది మాత్రం ఏమీ లేదు, దెబ్బ తప్పదు. ఆధునికంగా కనిపించాలన్న మొహమాటం తప్ప అందులో నాకు అర్థం కనపడలేదు. అదే కంపెనీ ఫైనల్ ఫాంటసీని 2023లో పదహారో భాగంతో పూర్తి యాక్షన్‌లోకి తీసుకెళ్లింది. అది దాని దారి. వంతులవారీ యుద్ధానికి కాలం చెల్లిందన్న వాదన మాత్రం ఇప్పుడు నిలవదు. అదే ఏడాది ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న బాల్డర్స్ గేట్ 3 వంతులవారీ ఆటే. 2025లో అవార్డులన్నీ ఊడ్చుకుపోయిన ఎక్స్‌పెడిషన్ 33 కూడా అంతే. దాన్ని చేసినవాళ్లు ఫ్రెంచివాళ్లు. జపాన్ ఆటలు ఆడి పెరిగి, ఆ పద్ధతికే కొత్త పదును పెట్టారు. ఇంటివాళ్లే దాన్ని చూసి సిగ్గుపడితే ఎలా?

చీకటి సంగతికొస్తే, డ్రాగన్ క్వెస్ట్‌కి అది కొత్త కాదు. అయిదో భాగంలో వీరుడి కళ్ల ముందే తండ్రిని చంపేస్తారు. పసివాడు పదేళ్లు బానిసగా రాళ్లు మోస్తాడు. పెద్దయ్యాక పెళ్లి ఘట్టం వస్తుంది. చిన్ననాటి స్నేహితురాలు బియాంకా, ధనవంతుడి కూతురు ఫ్లోరా. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. ఫ్లోరాను చేసుకుంటే మామగారి కానుకలు దక్కుతాయి, ఆట సులువవుతుంది. అయినా బియాంకావైపే మొగ్గినవాళ్లు కోకొల్లలు. 1992 నుంచీ ఆ తగువు తెగలేదు. ఇంకా పెద్ద దెబ్బ తర్వాత ఉంది. లోకమంతా వెతుకుతున్న మహావీరుడు మనం కాదు, మనకు పుట్టిన కొడుకు. పన్నెండో భాగంలో ఆటగాడు తన బతుకుదారిని తానే ఎంచుకోవాల్సి వస్తుందని హోరీ అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పెళ్లే. నెత్తురు, బూతులు కలిపితే పెద్దల కథ అయిపోదు. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, అప్పుడు అవుతుంది.

అంత బరువైన కథల పక్కనే నీలం రంగు స్లైమ్ నవ్వుతూ ఉండేది. హోరీ దాన్ని జిగట ముద్దలా గీసి ఇస్తే, కళ్లూ నవ్వూ పెట్టి నీటిబొట్టులా మలిచింది సిరీస్ చిత్రకారుడు అకిరా తోరియామా. డ్రాగన్ బాల్ కార్టూన్‌లో ఆయన గీసిన గోకు బొమ్మ చూస్తూ పెరిగిన మన తెలుగు పిల్లలకు ఆ చెయ్యి తెలుసు. 1990ల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించిన వీడియో గేమ్‌లు కూడా ఫామికామ్ నకళ్లే. పసుపు కాట్రిడ్జ్‌లలో మారియో, కాంట్రా దొరికేవి. జపనీస్‌లో పేజీలకు పేజీలు మాట్లాడే డ్రాగన్ క్వెస్ట్‌ను అందులో పెట్టాలని ఎవరికి తోస్తుంది? అందుకే మనం తోరియామా గీతను ఒకవైపునే చూశాం.

సంగీతం సమకూర్చిన కోయిచి సుగియామా 2021 సెప్టెంబరు 30న, తోరియామా 2024 మార్చి 1న కన్నుమూశారు. ముగ్గురిలో హోరీ ఒక్కరే మిగిలారు. పన్నెండో భాగం ఆ ఇద్దరి చివరి కృతిగా తగినట్టు ఉండేలా పనిచేస్తున్నామని ఆయన 2024 మే 27న చెప్పారు. ఆలస్యం గురించి గొణిగేవాళ్లు ఆ మాట ఒకసారి చదువుకోవాలి. నా కోరిక చిన్నది. పదకొండో భాగం మొదట విడుదలైనప్పుడు సుగియామా బాణీలు సింథసైజర్ మీద పీలగా వినిపించాయి. ఆర్కెస్ట్రా వినాలంటే 2019 నాటి ఎస్ కూర్పుదాకా ఆగాల్సి వచ్చింది. ఈసారి ఆ పిసినారితనం వద్దు.

ఇంకో మంచి కబురు, పన్నెండో భాగాన్ని ప్రపంచమంతా ఒకేసారి విడుదల చేస్తామని ప్రకటన రోజునే చెప్పారు. పదకొండోది జపాన్ దాటి రావడానికి ఏడాది పైనే పట్టింది.

అది వచ్చేలోపు ఈ పద్ధతి రుచి చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. పదకొండో భాగం ఎస్ కూర్పుకి ఉచిత డెమో ఉంది. గంటల తరబడి ఆడొచ్చు, అక్కడిదాకా సాధించింది కొన్న గేమ్‌లోకి తెచ్చుకోవచ్చు. మొదలుపెట్టగానే టాక్టిక్స్ మెనూలోకి వెళ్లి సహచరులందరినీ ఫాలో ఆర్డర్స్‌కి మార్చుకోండి. లేకపోతే సగం యుద్ధం మీ బదులు వాళ్లే చేసేస్తారు.