‘దెయ్యం చేప’: ఒక పేరు చేసిన అపకారం

ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉంది. ఆ పరిసరాల్లో బస్సు కోసం నిలబడి ఉండగా, జంతుశాస్త్రం చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని ఈ వ్యాసకర్తకు తన ఫోనులో ఒక దృశ్యం చూపించింది. అమెరికాలోని ఇల్లినాయ్ నదిలో విహారానికి బయలుదేరిన మోటారు పడవ చప్పుడుకు బెదిరి, వందల చేపలు నీటిలోంచి మనిషి ఎత్తున ఎగిరిపడుతున్నాయి. పడవలోని వారు ముఖాలకు చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు.

“ఇది సిల్వర్ కార్ప్ అటండీ. మన చెరువుల్లో పెంచే వెండిచేప ఇదేగా! అక్కడ దెయ్యమైన చేప ఇక్కడ కూర ఎలా అయింది?” అని అడిగింది ఆ అమ్మాయి.

ప్రశ్న చిన్నదే. కానీ కొత్త నీటిలో చేరి అక్కడి జలచరాలను దెబ్బతీసే చేపల గురించి మనం రాస్తున్న తీరులోని లోపాన్ని అది పట్టి చూపింది. ‘దెయ్యం చేప’, ‘రాకాసి చేప’, ‘విదేశీ చేప’ అన్న మాటలు పత్రికల్లో తరచుగా కనిపిస్తాయి. ఈ పేర్లు పాఠకుణ్ణి భయపెట్టగలవు గాని, అతనికి ఏమీ నేర్పవు. అంతకన్నా పెద్ద నష్టం, నివారణ మార్గాన్నే ఇవి తప్పుదోవ పట్టిస్తాయి.

ముందుగా ‘దెయ్యం’ సంగతి చూద్దాం. ఈ పేరుతో పిలవబడుతున్నది దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేప. ఒంటినిండా గట్టి ఎముక పలకలు ఉంటాయి. అక్వేరియం అద్దాలకు పట్టిన నాచును గీకి తింటుందని దీన్ని దుకాణాల్లో అమ్ముతారు. పెరిగి పెద్దదై తొట్టిలో పట్టనప్పుడు యజమాని దాన్ని దగ్గరలోని చెరువులో వదిలేస్తాడు. నీటిలో ఆక్సిజన్ తగ్గినా ఇది పైకి వచ్చి గాలి మింగి, పొట్ట గోడల ద్వారా ఆక్సిజన్‌ను గ్రహించగలదు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. దాని ముళ్లకు, పలకలకు వలలు చిరిగిపోతాయి.

వల చిరిగిన మత్స్యకారుడు దాన్ని దెయ్యమంటే అందులో తప్పు లేదు. అది అతని కడుపుమంట. అదే మాటను పత్రిక శీర్షికగా పెట్టినప్పుడు మాత్రం చేప ఎక్కడి నుంచో దానంతటదే ఊడిపడినట్లు కనిపిస్తుంది. తొట్టి తీసుకువచ్చి చెరువులో ఒంపిన చేతులు కథలోంచి మాయమైపోతాయి.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2024లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, తూర్పు కనుమల ప్రాంతపు నీటి వనరుల్లో దాదాపు 60 శాతంలో ఈ చేప జాడ ఉంది. వారు వల వేసి వెదకలేదు. చేప ఒంటి జిగురు, విసర్జన ద్వారా దాని డీఎన్‌ఏ నీటిలో కలుస్తుంది. ఆ నీటి నమూనాను పరీక్షించి చేప ఉనికిని గుర్తించే పద్ధతిని రూపొందించారు. మన విద్యార్థులకు ఆసక్తి కలిగించవలసిన విషయం ఇది. శీర్షికలో దెయ్యం ఎక్కి కూర్చుంటే ఇటువంటి వాటికి చోటు మిగలదు.

ఇక ‘విదేశీ’ అన్న మాట. ‘థాయ్ మాగుర్’ అని సంతల్లో పిలిచే చేప పుట్టిల్లు థాయిలాండ్ కాదు, ఆఫ్రికా. 1990ల తొలి సంవత్సరాల్లో అనుమతి లేకుండా బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చింది. 2000లో దీని పెంపకాన్ని నిషేధించారు. మరోపక్క, దోమల నివారణకని 1928లో గంబూసియాను తెచ్చి చెరువుల్లోను, బావుల్లోను వదిలింది మనమే. ఆ చేప దోమ పిల్లలతోపాటు స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. తెలుగువారు ముద్దుగా ‘బంగారుతీగ’ అని పిలుచుకునే చేప సైతం బయటినుంచి వచ్చిన కామన్ కార్పే! ఈనాడు అది యమునలో స్థిరపడి ఉంది. ఒక విదేశీ చేప దెయ్యం, మరొకటి బంగారం. ఇందులో శాస్త్రం ఎక్కడున్నది?

దేశపు సరిహద్దు చేపకు తెలియదు. దానికి తెలిసినది నదీ పరీవాహకం. గంగా పరీవాహకపు బొచ్చెను కావేరిలో వదిలితే, పాస్‌పోర్టు అవసరం లేకపోయినా అది అక్కడికి కొత్త చేపే. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు వేరు. కొత్త నీటిలో అది సొంతంగా సంతానం వృద్ధి చేసుకోగలదా? వ్యాపించగలదా? వ్యాపించి అక్కడి జీవులకు హాని చేస్తుందా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తేనే అది దురాక్రమణ జాతి.

ఆ అమ్మాయి ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. వెండిచేప నిలవ నీటి చెరువులో సహజంగా సంతానోత్పత్తి చేయదు. దాని గుడ్లు ప్రవాహంలో కొట్టుకుపోతూ పొదగాలి. అందుకే మన రైతులు హార్మోను ఇంజెక్షన్లతో హేచరీలో పుట్టించిన పిల్లలను కొని తెచ్చుకుంటారు. 1970లలో అమెరికావారు చెరువుల్లో నాచు తగ్గించడానికి ఇదే చేపను తెచ్చుకున్నారు. అది తప్పించుకుని మిసిసిపీ నదిలో పడింది. పొడవైన ప్రవాహం దొరికింది, సంతతి పెరిగింది. మన దేశంలోనూ ఇది జరిగింది. 1971లో వరదలకు ఒక చేపల కేంద్రం నుంచి కొట్టుకుపోయిన వెండిచేపలు భాక్రా ఆనకట్ట వెనుకనున్న గోవింద్‌సాగర్ జలాశయంలో చేరాయి. క్రమంగా అక్కడ బొచ్చె తగ్గి, వెండిచేప పైచేయి సాధించింది. అంటే చేప ఒక్కటే. చెరువులో పంట, నదిలో పీడ. తేడా దాని స్వభావంలో లేదు, మనం తెరిచిన దారిలో ఉంది.

ఒకసారి స్థిరపడిన చేపను తొలగించడం ఎంత కష్టమో ఢిల్లీకి ఎంతో దూరం లేని భరత్‌పూర్ చెబుతుంది. అక్కడి కేవలాదేవ్ పక్షుల సంరక్షణ కేంద్రంలో ఆఫ్రికా మాగుర్ చేరింది. వేల సంఖ్యలో ఏరివేయవలసి వచ్చింది. అమెరికాలో ఈ చేపలు మహా సరస్సుల్లోకి చేరకుండా షికాగో కాలువలో 2002 నుంచి విద్యుత్ అడ్డుగోడ నడుపుతున్నారు. టన్నుల కొద్దీ పట్టివేస్తున్నారు. ఇన్ని చేసినా ఇల్లినాయ్ నదిలో అవి మిగిలే ఉన్నాయి. గమనించవలసిన మరో విషయం, అమెరికా చేపలు, వన్యప్రాణుల శాఖ 2021లో వీటికి ‘ఆసియా కార్ప్’ అన్న పేరు మాని ‘దురాక్రమణ కార్ప్’ అనడం ప్రారంభించింది. పుట్టిన చోటు వదిలి, చేసే పనిని బట్టి పేరు పెట్టారు. మన అనువాదకులు అనుసరించదగిన మార్గమిది.

ఈ చర్చ ఢిల్లీకి ఇప్పుడెందుకు? యమునలో సోనియా విహార్ నుంచి జగత్‌పూర్ వరకు సుమారు 4 కిలోమీటర్ల మేర విహార నౌకలు నడిపేందుకు 2025 మార్చిలో ప్రభుత్వ సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు ఏటా జరుగుతూనే ఉన్నాయి. పడవలు ఒక జలాశయం నుంచి మరొకదానికి బండ్ల మీద తరలుతుంటాయి. పడవ అడుగున నిలిచిన నీరు, ఎర చేపల బకెట్టు, వలలో చిక్కుకున్న నాచు, ఇవన్నీ గుడ్లకు, పిల్లలకు వాహనాలు కాగలవు. నీరు పూర్తిగా ఒంపి, కడిగి, ఎండబెట్టిన తరువాతే పడవను వేరే నీటిలో దించాలన్న నియమం అమెరికాలో పడవవారికి నేర్పుతారు. దీనికి విద్యుత్ గోడ అక్కరలేదు, బాగా ఎండబెడితే చాలు.

పడవ ఎక్కే సందర్శకుడి చేతిలో ఉన్న పని ఇంకా పెద్దది. అక్వేరియం చేపను సరస్సులో వదలడం జాలి అనిపించుకోదు. పుణ్యం కోసం సంతలో కొన్న చేపను నదిలో వదిలేవారు అది ఏ జాతిదో అడగాలి. పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు, పెంచగలిగినవారికి అప్పగించవచ్చు.

వార్త రాసేవారిని కోరేది కూడా ఇదే. చేప ఎక్కడిది, ఏ దారిన వచ్చింది, ఎవరు తెచ్చారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకిన తరువాతే శీర్షిక పెట్టండి. ధౌలా కువాన్ అంటే తెల్ల బావి అని అర్థం. బావిలో వేసిన చేప బావిలోనే ఉంటుంది. నదిలో వేసిన చేప మన ఊరు దాటి, మన తరం దాటి వెళుతుంది. దాని వెనుక దెయ్యం కోసం వెదకనక్కరలేదు. బకెట్టు పట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు.