బీజమా, క్షేత్రమా? థైమస్ సూక్ష్మ పర్యావరణ భావనపై ఒక విమర్శ

టి-కణ తీవ్ర ల్యుకేమియా రోగుల్లో సగానికి పైగా నాచ్‌1 జన్యువులో క్రియాశీలక ఉత్పరివర్తనాలు ఉన్నాయని 2004లో వెల్లడైంది. అప్పటి నుండి వ్యాధికారణ చర్చ ప్రధానంగా కణం లోపలి జన్యువుల చుట్టూ సాగుతోంది. థైమస్ గ్రంథిని టి-కణాల ‘పాఠశాల’గా బోధించే అలవాటు కూడా ఇందుకు తోడ్పడింది. విద్యార్థి చెడితే తప్పు విద్యార్థిదే గాని బడిది కాదన్న భావన ఆ ఉపమానంలోనే ఇమిడి ఉంది.

ప్రయోగ చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతుంది. ల్యుకేమియాకు లోనయ్యే ఎలుకల జాతిలో థైమస్‌ను తొలగిస్తే వ్యాధి బాగా తగ్గుతుందని 1944లోనే తేలింది. 1950లలో హెన్రీ కాప్లన్ బృందం మరింత విచిత్రమైన ఫలితాన్ని చూపింది. థైమస్ తొలగించి, వికిరణానికి గురిచేసిన ఎలుకల్లో వికిరణం సోకని థైమస్‌ను అంటుకట్టినా, కణితులు ఆ కొత్త గ్రంథిలోనే పుట్టాయి. వికిరణం పొందిన ఎలుకలకు ఆరోగ్యకరమైన అస్థిమజ్జ కణాలను ఎక్కిస్తే కణితులు తగ్గాయి. బీజం ఒక్కటే కారణమైతే ఈ రెండు ఫలితాలకూ సమాధానం దొరకదు.

2014లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు ఇందుకు ఒక కీలకమైన ఆధారం అందించారు. మజ్జ నుండి సమర్థమైన పూర్వగామి కణాలు రాని ఎలుకల్లో, అంటుకట్టిన థైమస్‌లోని పాత కణాలు తమను తామే నెలల తరబడి పునరుత్పత్తి చేసుకున్నాయి. క్రమంగా అవి నాచ్‌1 ఉత్పరివర్తనాలతో ల్యుకేమియాగా మారాయి. కొత్త కణాలు వస్తున్నంతకాలం పాతవి పోటీలో ఓడి తొలగిపోతాయి. ఆ పోటీయే ఒక రక్షణ. కాప్లన్ ఎలుకలను మజ్జ కణాలు కాపాడిన తీరు ఈ వెలుగులో కొంత అర్థమవుతుంది.

అయితే ‘సూక్ష్మ పర్యావరణం’ అన్న మాటను ఇప్పుడు అన్నిటికీ సమాధానంగా వాడడం కూడా దోషమే. ఆ ఒక్క మాట కింద మూడు భిన్న ప్రక్రియలు కలగలిసిపోతున్నాయి. ఒకటి, ఉపకళా కణాలు అందించే డిఎల్‌ఎల్‌4, ఐఎల్‌-7 వంటి సంకేతాలు. రెండు, పొరుగు కణాల మధ్య పోటీ. మూడు, కణితి ఏర్పడ్డాక దానిని పోషించే మైలాయిడ్ కణాలు. మొదటి రెండూ వ్యాధి పుట్టుకకు, మూడవది ప్రధానంగా దాని మనుగడకు సంబంధించినవి.

ఈ భేదం చికిత్సకూ ముఖ్యమే. నాచ్‌1 హెటిరోడైమర్ భాగంలోని ఉత్పరివర్తనం లైగాండ్ లేకుండానే గ్రాహకాన్ని క్రియాశీలం చేయగలదు. అటువంటి కణానికి డిఎల్‌ఎల్‌4ను అడ్డుకోవడం వల్ల ప్రయోజనం స్వల్పం. అంటే క్షేత్రంపై ఆధారపడి పుట్టిన వ్యాధి, ఒక దశ తర్వాత క్షేత్రం నుండి విముక్తి పొందవచ్చు. గామా సెక్రెటేజ్ నిరోధకాలు నాచ్‌ను అణచినా, పేగులకు హాని చేయడం వల్ల వాటి వినియోగం పరిమితమైంది.

పై ఫలితాలు ఎలుకలవి. పిల్లల్లోనూ ఇదే క్రమం జరుగుతుందని వాటి ఆధారంగా నిర్ధారించలేము. కనుక పరిశోధకులు అడగవలసింది ‘బీజమా, క్షేత్రమా?’ అని కాదు. ఏ దశలో, ఏ సంకేతంపై, ఏ కణం ఆధారపడి ఉందన్నదే అసలు ప్రశ్న. ఆ దశను పేర్కొనని సిద్ధాంతవ్యాసం సూక్ష్మ పర్యావరణాన్ని ఎన్నిసార్లు ప్రస్తావించినా, దానిని వివరించినట్లు కాదు.