బ్లూస్ పాటగాళ్ళను ఏమి అడగాలి?

అమెరికా దక్షిణ భాగంలో, మిసిసిపి నది పక్కన పత్తి పండే పల్లపు నేలను డెల్టా అంటారు. 1865లో చట్టం బానిసత్వాన్ని రద్దు చేసినా, అక్కడి నల్లజాతివాళ్ళు తెల్ల భూస్వాముల కింద పాలికి సేద్యం చేస్తూ అప్పుల్లోనే బతికారు. పంట అమ్మేది దొర, లెక్క రాసేది దొర. ఆ చేలల్లో, రైలు కట్టల పనుల్లో, జైళ్ళలో పెరిగిన పాటే బ్లూస్. తొలితరం పాటగాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్ళు ఎదురుపడితే ఏమడుగుతారని అభిమానులను కదిలిస్తే చాలామంది నోట ముందు వచ్చేది రాబర్ట్ జాన్సన్ పేరు. "నాలుగు దారుల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్మావట, నిజమేనా?" అని అడుగుతామంటారు.

జాన్సన్ 1936, 1937లలో టెక్సాస్‌లో 29 పాటలు రికార్డు చేసి, 1938లో చిన్న వయసులోనే చనిపోయాడు. మొదట్లో గిటారు సరిగా రాని ఆ కుర్రాడు కొంతకాలం కనబడకుండా పోయి, తిరిగొచ్చేసరికి అందరినీ మించిపోయాడని పెద్దపాటగాడు సన్ హౌస్ చెప్పాడు. ఆ మాట చుట్టూ దయ్యం కథ అల్లుకుంది. నిజానికి ఆ మధ్యకాలంలో జాన్సన్ ఐక్ జిమ్మర్‌మన్ అనే గురువు దగ్గర నేర్చుకున్నాడు. ఎవరూ అడ్డురారని రాత్రిళ్ళు ఇద్దరూ సమాధుల మధ్య కూర్చొని సాధన చేసేవారని గురువుగారి కూతురు తర్వాత చెప్పింది. వేళ్ళు కాయలు కాచిన సాధనను లోకం దయ్యం ఖాతాలో వేసింది.

ఇలాంటి మాటలు మనకు కొత్త కావు. చెట్టూ వేరూ ఎరిగిన మన వైద్యుణ్ణి మంత్రగాడంటారు. మన డోలు దెబ్బ విని "అది వాళ్ళ రక్తంలోనే ఉంది" అంటారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది గాని, నేర్చుకున్న విద్యను విద్యగా ఒప్పుకోని మాట అది. జాన్సన్ ఎదురైతే మేము వేరే ప్రశ్నలు అడుగుతాం. "మీకు ఎవరు నేర్పారు? ముందు ఏది నేర్పారు? తప్పు వాయిస్తే ఎలా దిద్దారు?"

తర్వాతి ప్రశ్న డబ్బు గురించి. బెస్సీ స్మిత్ 1923లో కొలంబియా కంపెనీకి పాడిన తొలి రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. ఆమెకు పాటకింతని కూలి ఇచ్చారు, అమ్మకాల్లో వాటా ఇవ్వలేదు. 1937లో ప్రమాదంలో చనిపోయిన ఆమె సమాధికి 1970 దాకా పేరు చెక్కిన రాయి లేదు. లెడ్ బెల్లీ పాటలను 1933లో లూసియానా జైల్లో జాన్ లోమాక్స్ అనే సేకర్త రికార్డు చేశాడు. లెడ్ బెల్లీ పాడే "గుడ్‌నైట్ ఐరీన్" 1950లో మరో బృందం గొంతులో దేశమంతా మోగింది. దాని హక్కుల్లో సేకర్త పేరు కూడా ఉంది. లెడ్ బెల్లీ 1949 డిసెంబరులోనే కన్నుమూశాడు. వీళ్ళందరినీ ఒకటే అడగాలి: "సంతకం పెట్టించుకునే ముందు ఆ కాగితంలో ఏముందో మీకు చెప్పారా?" వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఈ ప్రశ్న బరువు తెలుసు.

అయితే అడగ్గానే నిజం చెప్పే స్వేచ్ఛ వాళ్ళకు ఉండేదా? 1940ల రెండో సగంలో జాన్ కొడుకు అలన్ లోమాక్స్ న్యూయార్క్‌లో బిగ్ బిల్ బ్రూన్జీ, మెంఫిస్ స్లిమ్, సన్నీ బాయ్ విలియమ్సన్‌లను కూర్చోబెట్టి మాట్లాడించాడు. పని శిబిరాల్లో దెబ్బలు, చంపడాలు, లెక్కల్లో మోసాలు అన్నీ చెప్పారు. తమ మాటలు తామే విన్నాక భయపడిపోయారు. ఊళ్ళో ఉన్న తమవాళ్ళ మీద పడతారని, పేర్లు బయటపెట్టవద్దని బతిమాలారు. ఆ రికార్డు 1950ల చివర మారుపేర్లతో వచ్చింది. ముగ్గురూ పోయాక, 1990లో గాని అసలు పేర్లు వేయలేదు. అడిగినవాడికి రికార్డు దక్కుతుంది, చెప్పినవాడి ఇంటికి ముప్పు వస్తుంది. కనుక ఏ ప్రశ్నకైనా ముందు "ఇది నలుగురికీ చెప్పవచ్చా? మీ పేరు వేయవచ్చా?" అని అడగడం మర్యాద.

పేరు దాచడం వేరు, అసలు రాయకపోవడం వేరు. 1903 ప్రాంతంలో టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో గిటారు తీగల మీద కత్తి జార్చుతూ పాడుతున్న మనిషిని విన్నానని డబ్ల్యూ.సి. హ్యాండీ తన ఆత్మకథలో రాశాడు. హ్యాండీని "బ్లూస్ పితామహుడు" అన్నారు. ఆ మనిషి పేరు మాత్రం పుస్తకంలో లేదు. 1941, 1942లలో డెల్టా పాటల సేకరణలో పనిచేసిన నల్లజాతి పండితుడు జాన్ వర్క్ రాతలు 2005 దాకా అచ్చుకాలేదు.

అభిమానులను తప్పుబట్టడం మా ఉద్దేశం కాదు. 1964లో సన్ హౌస్‌ను రాచెస్టర్ పట్టణంలో వెతికి పట్టుకున్నది వాళ్ళే. అప్పటికి ఆయన గిటారు మానేసి చాలా ఏళ్ళయింది. రికార్డులు విని నేర్చుకున్న అలన్ విల్సన్ అనే కుర్రాడు పక్కన కూర్చొని, ఆయన పాటలను ఆయనకే మళ్ళీ గుర్తుచేశాడు. ఆయన తిరిగి వేదిక ఎక్కాడు. వినే చెవి ఉంటే అభిమాని పాటను పాటగాడికే తిరిగి ఇవ్వగలడని ఇది చెబుతుంది.

డెల్టా పాటగాళ్ళను అడిగే వీలు ఇక లేదు. ఆదిలాబాద్ గూడేల్లో కిక్రి వాయించే తోటి పెద్దలు, కొండల్లో విత్తనాల పాటలెరిగిన అవ్వలు ఇంకా ఉన్నారు. యువత చేతిలో ఫోను ఉంది, పంతుళ్ళ దగ్గర పిల్లలున్నారు. రికార్డు నొక్కే ముందు మూడు సంగతులు అడుగుదాం: ఎవరు నేర్పారు, ఎవరు వినవచ్చు, ఎవరి పేరు వేయాలి. ఆ జవాబులను పాటతో పాటు రాసిపెడదాం. వద్దన్న పాటను వాళ్ళ దగ్గరే ఉండనిద్దాం.